పాత మోడల్ రైళ్లు చేతికొచ్చాయి: బాగుచేయాలా, రంగులేయాలా, ముట్టుకోకుండా ఉంచాలా?

కొత్తపట్టా:
అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లు ఇల్లు సర్దుతూ ఒక పెట్టె నిండా మోడల్ రైళ్లు నాకిచ్చేశారు. కొన్ని ఇంజిన్లు, ప్యాసింజర్ బోగీలు, బోలెడు గూడ్స్ వ్యాగన్లు. కొన్నిటికి అసలు అట్టపెట్టెలున్నాయి, మిగతావి పాత పేపర్లలో చుట్టి ఉన్నాయి. ఒక ఇంజిన్‌కి కరెంటిస్తే గుర్రుమంటుంది గానీ కదలదు. ఇంకొకటి ఉలకదు పలకదు. మూడోది నడుస్తుంది, కానీ పట్టా అతుకు వచ్చినప్పుడల్లా ఆగుతుంది. వీటిని నడిపించాలనుంది. ఆ బొమ్మ మెరుపు పోగొట్టి నిజం బండిలా చేయాలనీ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చక్రధారి:
ముందు కరెంటివ్వడం ఆపండి. అది ఏ గేజో (పట్టాల మధ్య వెడల్పు), ఏ రకం కరెంటుతో నడిచేదో తేలాలి. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య కొలవండి. 16.5 మి.మీ. ఉంటే హెచ్‌ఓ (1:87, అంటే నిజం బండిలో 87వ వంతు) గానీ బ్రిటిష్ ఓఓ (1:76) గానీ. ఈ రెండూ ఒకే పట్టా మీద నడుస్తాయి, పక్కపక్కన నిలబెడితే మాత్రం ఓఓ బోగీ పెద్దగా తెలుస్తుంది. 9 మి.మీ. అయితే ఎన్, 32 అయితే ఓ.

తర్వాత ఒక వ్యాగన్ తిరగేసి, ఒకే ఇరుసుకున్న రెండు చక్రాల మధ్య మల్టీమీటర్ పెట్టండి. బీప్ వస్తే ఆ చక్రాల మధ్య ఇన్సులేషన్ లేదు, రెండు పట్టాల మీద పెడితే షార్టే. అలాంటివి జర్మనీ కంపెనీ మెర్క్‌లిన్ తరహా ఏసీ బండ్లు కావచ్చు. అలాగైతే ఇంజిన్ పొట్ట కింద, మధ్యలో పొడుగ్గా ఒక లోహపు రేకు ఉంటుంది.

కొత్తపట్టా:
16.5 వచ్చింది. బీప్ లేదు. రేకూ లేదు.

చక్రధారి:
అయితే 12 వోల్టుల డీసీ. తలనొప్పి సగం తగ్గింది. ఇక మోటర్ పరీక్షకి పట్టా అక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లు కట్టి నేరుగా మోటర్‌కి తాకించండి. తప్పు మోటర్‌లో ఉందా, చక్రాల నుంచి మోటర్ దాకా వచ్చే దారిలో ఉందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

టంకం:
గుర్రుమనే ఇంజిన్‌లో మోటర్ బతికే ఉంది, టెన్షన్ పడకండి. గ్రీజు గట్టిపడి ఉండాలి, లేదా గేర్ పగిలి ఉండాలి. వార్మ్ గేర్ (మరలాంటి గేర్) ఉన్న ఇంజిన్‌లో చక్రాన్ని వేలితో తిప్పితే తిరగకూడదు, వార్మ్ పట్టి ఉంచుతుంది. హాయిగా తిరిగిందంటే ఇరుసు మీద ప్లాస్టిక్ గేర్ చీలి జారుతోందని అర్థం. చీలిక సన్నగా ఉంటే బండి నడుస్తుంది గానీ, చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, లోపలున్న లోహపు ఇరుసు కుంచించుకోదు. అందుకే చీలుతుంది. సూపర్ గ్లూతో అతికించే పని పెట్టుకోకండి. ఆ గేర్లు ఎక్కువగా నైలాన్‌తోనో అసిటాల్‌తోనో చేస్తారు, జిగురు వాటికి పట్టదు. పళ్లు లెక్కపెట్టి, బయటి వ్యాసం, ఇరుసు మందం కొలిచి కొత్త గేర్ వేయడమే.

గ్రీజు అయితే ఇంకా తేలిక. ముదిరిన పాకంలా గట్టిపడి ఉంటుంది, దాన్ని బలవంతంగా తిప్పొద్దు. గేర్లు, కింద మూత విడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. ఆరాక గేర్లకి ప్లాస్టిక్‌ని తినని గ్రీజు పలచగా, మోటర్ రెండు చివర్ల బేరింగులకి పలచటి ఆయిల్. ఆయిల్ అంటే సూది మొనకి అంటుకున్నంత. అది కమ్యుటేటర్ (మోటర్‌తో పాటు తిరిగే రాగి ముక్కల భాగం) మీదికి పాకితే కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దయి, కాసేపటికి మోటరే ఆగిపోతుంది. తలుపు కీచుమంటే కొట్టే స్ప్రేలు వీటి దగ్గరికి తేవద్దు.

పలకనిది కమ్యుటేటర్ మురికి వల్ల కావచ్చు. ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్‌తో తుడిచి, ముక్కల మధ్య సందుల్ని చెక్క టూత్‌పిక్‌తో గీకండి. పిన్నులు, సూదులు వద్దు, రాగి గీసుకుపోతుంది. బ్రష్‌లు (కమ్యుటేటర్‌కి కరెంటందించే కార్బన్ ముక్కలు) అరిగాయా, స్ప్రింగుల్లో బిగువుందా చూడండి.

పాతసరుకు:
టంకం గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మోటర్ పక్కలు తెరిచి ఉండి, అయస్కాంతం పెద్ద దిమ్మలా కనిపిస్తుంటే ఆర్మేచర్‌ని (మధ్యలో తిరిగే తీగచుట్ల భాగాన్ని) బయటికి లాగకండి. పాత ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన) అయస్కాంతాలు మధ్యలో ఇనుము లేకుండా ఉంటే బలం కోల్పోతాయి. అప్పుడు మోటర్ కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, లాగడం మాత్రం తగ్గుతుంది. తీయక తప్పకపోతే ఆ ఖాళీలో ఇనుప ముక్క పెట్టాలి.

మూడోపట్టా:
అతుకుల దగ్గర ఆగేదాంట్లో ఇంజిన్ తప్పు కొంచెమే. పట్టాల్ని కలిపే జాయినర్లు వదులై ఉంటాయి. వాటిని ప్లయర్‌తో కొంచెం నొక్కండి. అంతకన్నా మంచిది, ప్రతి రెండు మూడు పట్టాలకీ విడిగా వైరు సోల్డర్ చేసి కిందనుంచి కరెంటివ్వడం. అతుకుల్ని నమ్ముకున్న లేఅవుట్ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది.

మీ పట్టాలు పసుపు రంగువా, వెండి రంగువా? పసుపంటే ఇత్తడి. దానికి పట్టే తుప్పు పొర కరెంటుకి అడ్డం పడుతుంది, మాటిమాటికీ తుడవాలి. వెండి రంగువైతే నికెల్ సిల్వర్ కావచ్చు. పేరులోనే వెండి, ఉన్నది రాగి, నికెల్, జింకు. అది ఇత్తడంత ఇబ్బంది పెట్టదు. ఏదైనా సరే సాండ్‌పేపర్‌తో రుద్దొద్దు. పడ్డ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

ఇంజిన్ చక్రాలకో చిట్కా. ఆల్కహాల్‌తో తడిపిన పేపర్ టవల్‌ని పట్టాకి అడ్డంగా పరిచి, ఇంజిన్ ఒక చివరనున్న చక్రాలు పొడి పట్టా మీద, ఇంకో చివరవి పేపర్ మీద ఉంచి బండిని కదలకుండా పట్టుకోండి. చక్రాలు తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది. రబ్బరు టైర్లున్న చక్రాలకి మాత్రం ఇది వద్దు.

చక్రధారి:
పట్టాకి ఆల్కహాల్ కన్నా వైట్ స్పిరిట్ లాంటివే మేలని నా మాట. ఆల్కహాల్‌తో తుడిస్తే మురికి తొందరగా తిరిగొస్తోంది.

మూడోపట్టా:
ఈ గొడవ తేలేది కాదు సార్. మురికి పోవడానికి రెండూ పనిచేస్తాయి. వైట్ స్పిరిట్ వాడితే కిటికీలు తెరిచి, ఆరేదాకా బండి నడపకుండా ఉంటే చాలు. మోటర్ దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, మర్చిపోవద్దు.

పాతసరుకు:
అందరూ విప్పడం గురించే చెబుతున్నారు. కొత్తపట్టా గారూ, మీరు రంగు డబ్బా తెరవకముందు ఒక మాట వినండి. పెట్టెలున్న బండ్లని పక్కన పెట్టండి. పెట్టె మీద నంబరు, లోపలి బండి ఒకటేనా? కప్లింగులు (బండ్లని కలిపే కొక్కేలు), బఫర్లు (చివర్లో గుద్దుడు తట్టుకునేవి) అసలువేనా? రంగు కంపెనీ వేసిందేనా? ఈ మూడూ అవునైతే దాని మీద బ్రష్ పెట్టకండి. సేకరించేవాళ్ల కంట్లో గీతలు పడ్డ అసలు రంగుకున్న విలువ తళతళలాడే కొత్త రంగుకి లేదు. మెర్క్‌లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో తాళం తిప్పే రైళ్లని గేజ్ నంబర్లతో సహా పెట్టింది. అప్పటి రేకు బండ్లకి ఎవరైనా "నీట్‌గా" రంగేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెట్టె చిరిగితే సెల్లోటేపు కూడా అంటించొద్దు. పెట్టె లోపల ఫోమ్ ఉంటే తీసేయండి, పాతబడితే జిడ్డుగా కరిగి రంగుకి అంటుకుపోతుంది. యాసిడ్ లేని టిష్యూ కాగితం చుట్టండి.

బూడిదరంగు:
పెట్టెల్లేని వ్యాగన్లు "బోలెడు" ఉన్నాయన్నారుగా! అవి నాకొదిలేయండి :) అద్దాల బీరువాలో నిద్రపోయే బండికి మురికి ఎందుకు గానీ, నడిచే బండికి మురికే అందం.

ముందు కొత్త సామాను జోడించండి. ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన చేతికమ్మీలు గోడకి అతుక్కుని కనిపిస్తాయి. ఉలిలాంటి బ్లేడుతో వాటిని చెక్కేసి, పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు) 0.4 మి.మీ. రంధ్రాలు చేసి, 0.3 మి.మీ. ఇత్తడి తీగ వంచి పెట్టండి. ఈ ఒక్క మార్పుతో బండి ముఖమే మారిపోతుంది. కిటికీ అద్దాల దగ్గర సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది. తెల్ల జిగురు చాలు.

తర్వాత రంగు. అచ్చమైన నలుపు వాడకండి. చిన్న బండి మీద నలుపు మరీ నల్లగా కనిపిస్తుంది, ముదురు బూడిదరంగే సహజం. నిజం బండి ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. మురికి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బ్రేకు అరుగుదల పొడి చక్రాల చుట్టూ, కింది భాగాల్లో గోధుమ రంగులో పేరుకుంటుంది. పొగ పైకప్పు మీద. ఆవిరి ఇంజిన్‌కైతే బాయిలర్ నీళ్లు కారినచోట సున్నపు తెల్లచారలు. తుప్పు చారలు గీటు పడ్డచోట మొదలై కిందికి దిగాలి, అడ్డంగా కాదు. ఈ సంగతి పట్టించుకోకుండా నారింజ రంగు చుక్కలు చల్లేసిన వ్యాగన్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పలచని రంగుని మొత్తం పూసి, ఆరకముందే తడి బ్రష్‌తో పైనుంచి కిందికి తుడవండి. సందుల్లో మిగిలిందే మురికి. దాని మీద పిగ్మెంట్ పొడి. చివర్న మ్యాట్ వార్నిష్ కొడితే పొడి సగం మాయమవుతుంది కాబట్టి పొడి కాస్త ఎక్కువే వేయండి.

కొత్తపట్టా:
అంకెలు, అక్షరాల స్టిక్కర్లు మార్చాలంటే? ఇంతకుముందు ఒక విమానం కిట్‌కి అంటిస్తే చుట్టూ వెండిలా మెరుస్తోంది.

బూడిదరంగు:
అది డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్) కింద గాలి చిక్కుకోవడం. గరుకు ఉపరితలం మీద అలాగే అవుతుంది. ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి నున్నగా చేసి, దాని మీద డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రవం అద్దండి. ముడతలు పడుతుంది. అప్పుడు చేయి పెట్టొద్దు, ఆరితే దానంతటదే అంటుకుపోతుంది. ఆ తర్వాతే మురికి పని.

డీకోడర్:
డిజిటల్ సంగతి ఎవరూ ఎత్తలేదే! నడిచే ఇంజిన్లని డీసీసీకి మార్చుకోవచ్చు, అంటే పట్టా ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాల్ని ఇంజిన్‌లో పెట్టే డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ అందుకుంటుంది. మెల్లగా బయల్దేరడం, మెల్లగా ఆగడం డీకోడర్ సెట్టింగులైన సీవీ3, సీవీ4తో సెట్ చేస్తే బండికి బరువొచ్చినట్టుంటుంది. పాత ఇంజిన్లలో మాత్రం ఒక మెలిక ఉంది. చాలావాటిలో మోటర్ బ్రష్ ఒకటి నేరుగా ఛాసిస్‌కి, ఛాసిస్ ఒక పట్టాకి కలిసి ఉంటాయి. రెండు బ్రష్‌ల్నీ ఛాసిస్ నుంచి పూర్తిగా విడదీయకుండా డీకోడర్ పెడితే అది కాలిపోతుంది. ఇంకోటి, 12 వోల్టులిచ్చి చక్రాల్ని ఒక్క క్షణం ఆపి మోటర్ ఎంత కరెంటు లాగుతోందో కొలవండి. మామూలు హెచ్‌ఓ డీకోడర్లు ఒక ఆంపియర్ అటూ ఇటూ తట్టుకుంటాయి. పాత మోటర్ అంతకుమించితే అక్కడే ఆగండి.

డీసీలోనే ఉంటారా, దీపాలు మార్చుకోండి చాలు. తెల్ల ఎల్‌ఈడీకి వరసలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్. బండి వెనక్కి నడిచేటప్పుడు ఉల్టా వోల్టేజీ ఎల్‌ఈడీని చంపకుండా ఒక చిన్న డయోడ్‌ని దానికి ఎదురు దిశలో కలపండి.

పాతసరుకు:
డీకోడర్ గారూ, పెట్టె ఉన్న ఇంజిన్ల వైర్లు కత్తిరించమని మాత్రం చెప్పకండి.

డీకోడర్:
చెప్పనులెండి. బీరువా మీది, పట్టా నాది.

కొత్తపట్టా:
గుర్రుమన్నది గ్రీజే! కడిగితే నడిచింది. పలకనిదాని పై తొడుగు మాత్రం ఊడి రావడం లేదు. లోపలి లోహం కొంచెం వంగినట్టుంది, మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు. మూల ముట్టుకుంటే పొడి రాలింది.

పాతసరుకు:
అయ్యో. జింక్ పెస్ట్. అచ్చుపోసిన జింకు మిశ్రమంలో సీసం లాంటివి కలిస్తే లోపలి కణాల హద్దుల వెంట తుప్పు పాకి లోహం ఉబ్బుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సరుకులో ఎక్కువ, తర్వాతవాటిలోనూ అక్కడక్కడా కనిపిస్తుంది. దీనికి మందు లేదు, జిగురూ పనిచేయదు. పక్క బండికి అంటుకునే జబ్బు కాదు, ఆ భయం వద్దు. తొడుగుని లాగకండి, పగులుతుంది. కిందనుంచి ఛాసిస్‌నే ముక్కలుగా తీసేయండి. తొడుగు, మోటర్, చక్రాలు దక్కుతాయి. అదే రకం పాడైన ఇంజిన్ నుంచి ఛాసిస్ దొరుకుతుందేమో చూడండి, 3డీ ప్రింట్‌లో చేయించుకునేవాళ్లూ ఉన్నారు.

మూడోపట్టా:
వ్యాగన్లు నడిపేముందు బరువు కూడా చూసుకోండి. తేలిక వ్యాగన్ ముందుంటే వంపులో లోపలికి పడిపోతుంది. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైళ్ల సంఘం) చెప్పే లెక్క హెచ్‌ఓకి 1 ఔన్సు, దానికి తోడు అంగుళానికి అర ఔన్సు. 8 అంగుళాల వ్యాగన్‌కి సుమారు 140 గ్రాములు. చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 నుంచి 14.5 మి.మీ. దాకా ఉండాలి. పాతవాటిలో ఇది తక్కువుండి పాయింట్ల (పట్టా రెండుగా చీలే చోట్ల) మీద ఎగురుతాయి.

కొత్తపట్టా:
బరువుకి సీసపు గుళ్లు తెల్ల జిగురులో కలిపి పోస్తే సరిపోతుందా?

టంకం:
సీసం, తెల్ల జిగురు కలపొద్దు. నెమ్మదిగా రసాయన చర్య జరిగి ఉబ్బుతుంది, మూసి ఉన్న టెండర్ (ఆవిరి ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్ల బండి) అయితే గోడలు విచ్చుకుంటాయి. ఇనుప నట్లు వేసి ఎపాక్సీతో అంటించండి. మీరు అయస్కాంతంతో విడదీసే కప్లింగులు పెట్టాలనుకుంటే ఇనుము కూడా వద్దు, ఇత్తడి ముక్కలు వేయండి.