పెట్రోల్ ట్యాంకు పొంగకుండా పెట్టే హై-హై స్విచ్ గురించి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

నమస్కారం అండీ. నేను ఒక చిన్న ఆయిల్ టెర్మినల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. మాకు 20 మీటర్ల వ్యాసం ఉన్న ఫ్లోటింగ్ రూఫ్ (పెట్రోల్ మీద తేలుతూ మట్టంతో పాటు కదిలే కప్పు) ట్యాంకు ఉంది. పైప్‌లైన్ నుంచి గంటకు 300 కిలోలీటర్ల పెట్రోల్ వస్తుంది, అంటే మట్టం నిమిషానికి సుమారు 1.6 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇప్పుడున్నది మట్టం కొలిచే రాడార్ గేజ్ ఒక్కటే. హై అలారం కూడా దాని రీడింగ్ మీదే ఆధారపడి మోగుతుంది. నాకు టెన్షన్ అక్కడే. 2005 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో జరిగింది అదే కదా: గేజ్ ఒకచోట ఇరుక్కుపోయింది, విడిగా ఉన్న హై లెవల్ స్విచ్ కూడా పనిచేయలేదు, పెట్రోల్ పొంగిపోయి ఆవిరి మేఘం పేలింది.

అందుకే గేజ్‌తో సంబంధం లేని హై-హై స్విచ్ (హై అలారం కంటే పై మట్టంలో పనిచేసేది) ఒకటి పెట్టి, అది తగలగానే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకునేలా చేద్దామనుకుంటున్నాం. కానీ వాల్వ్ టక్కున మూస్తే లైన్లో సర్జ్ (ఒక్కసారిగా ఒత్తిడి పెరగడం) వస్తుంది. నెమ్మదిగా మూస్తే ఈలోపు మట్టం పెరుగుతూనే ఉంటుంది. పంపు అవతలి స్టేషన్లో ఉంది, ఫోన్ చేసి ఆపించాలి. ఆ సమయమంతా కలుపుకుని, స్విచ్ ఏ మట్టం దగ్గర పనిచేయాలో, అంటే హై-హై సెట్‌పాయింట్‌ను మీరు ఎలా లెక్కేస్తారు?

ఇంకొకటి. రూఫ్ వచ్చి తగిలితే పనిచేసే స్విచ్‌ను ట్యాంకు నింపకుండా టెస్ట్ చేసే పద్ధతి ఏంటి? చేత్తో పైకెత్తి చూస్తే చాలని మావాళ్లు అంటున్నారు, నాకు నమ్మకం కుదరట్లేదు. స్విచ్ నుంచి వాల్వ్ దాకా మొత్తం లూప్ పరీక్షించేవాళ్లు ఎన్నాళ్లకోసారి చేస్తున్నారో కూడా చెప్పండి.