ఆరు గదుల రెస్పైట్ కేంద్రం: హాయిస్ట్ ట్రాక్ అన్ని గదుల్లోనా, రెండింట్లో చాలా?

కొత్తపునాది:
వైకల్యమున్న పిల్లల్ని ఇంట్లో రాత్రీపగలూ చూసుకునే తల్లిదండ్రులకు నాలుగు రోజులు ఊపిరి పీల్చుకునే వీలు కల్పించే షార్ట్ స్టే భవనం గీయిస్తున్నాం. ఒకే అంతస్తు, ఆరు పడకగదులు. 12 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు రెండు మూడు రాత్రులు ఉండి వెళ్తారు. కొందరు మంచం మీంచి కదల్లేరు, కొందరు క్షణం కుదురుగా ఉండరు. రాత్రి డ్యూటీకి ఇద్దరే. సీలింగ్ హాయిస్ట్ ట్రాక్ (కదల్లేని పిల్లల్ని మోటారుతో ఎత్తి జరిపే పట్టా) ఆరు గదులకీ వేయాలా, రెండింటికి వేస్తే సరిపోతుందా అన్న దగ్గర కమిటీ ఆగిపోయింది. బాత్రూమ్ గదికొకటా, రెండు గదుల మధ్య ఒకటా అన్నదీ తేలలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నక్షా_మాస్టారు:
రెండు చాలు. మిగతా నాలుగూ ఇంట్లో గదుల్లా ఉండనివ్వండి.

ట్రాక్ అంటే సీలింగ్‌కి ఒక పట్టా అనుకుంటున్నట్టున్నారు. ఒకే సూటి ట్రాక్ వేస్తే దాని గీత కింద ఉన్నచోటే మనిషిని దించగలరు. మంచం అర మీటరు జరిగిందంటే పనికిరాదు. గదంతా అందాలంటే ఎదురెదురు గోడల పక్కన రెండు పట్టాలు, వాటి మధ్య అటూఇటూ కదిలే అడ్డ పట్టా కావాలి. అది వచ్చిందంటే గది నడిమధ్య సీలింగ్ ఫ్యాన్ ఉండదు, వేలాడే లైటు ఉండదు, మంచం చుట్టూ కర్టెన్ రాడ్ ఉండదు. స్ప్రింక్లర్లు, ఏసీ డక్టులు అన్నీ దానికి దారివ్వాలి. కొత్త చోట మొదటి రాత్రి పడుకున్న పిల్లవాడికి కళ్లు తెరిస్తే కనిపించేది సీలింగే. అక్కడ వర్క్‌షాప్ కనిపిస్తే నిద్ర పడుతుందా?

నాలుగు గదుల శ్లాబ్‌లోనూ యాంకర్లు (పట్టాను పట్టి ఉంచే బోల్టులు) ఎక్కడ పడాలో డ్రాయింగ్‌లో గుర్తించి, చార్జింగ్ పాయింట్ వదిలేయండి. అవసరమైనప్పుడు వేసుకోవచ్చు.

రాత్రిడ్యూటీ_విమల:
మాస్టారూ, "అవసరమైనప్పుడు వేసుకోవచ్చు" అన్న చోట తర్వాత ఎవరూ వేయరు. ఎందుకంటే ఆపాటికి ఫాల్స్ సీలింగ్ మూసేసి ఉంటుంది, మీరు గుర్తించిన యాంకర్ల కిందుగా ఎవరో ఒకరు డక్టు లాగేసి ఉంటారు, గదులు బుకింగ్‌లో ఉంటాయి. గది మూసి శ్లాబ్‌కి డ్రిల్లింగ్ చేయించడానికి ఏ మేనేజరూ ఒప్పుకోడు.

ట్రాక్ లేని గదిలో కదల్లేని పిల్లవాడిని ఎలా లేపుతారు? చక్రాల హాయిస్ట్‌తో. దాని కాళ్లు మంచం కిందికి దూరాలంటే కింద 15 సెం.మీ. ఖాళీ ఉండాలి. పెట్టెలున్న ఇంటి మంచం పెడితే దూరదు. మంచానికి ఒక పక్క మీటరున్నర ఖాళీ నేల కావాలి. 60 కిలోల పిల్లవాడు స్లింగ్‌లో (ఎత్తే గుడ్డ పట్టీలో) ఉండగా దాన్ని ఒక్కరు తిప్పితే నడుం పోతుంది, అందుకే ఇద్దరు కావాలి. ఉన్నదే ఇద్దరం. ఆ పది నిమిషాలు మిగతా ఐదుగురిని ఎవరు చూస్తారు? మీ ఫ్యాన్ గోడకి పెట్టండి, లైట్లు సీలింగ్‌లోకి దించండి. అక్కడితో అయిపోయింది.

వానపిట్ట:
చక్రాల హాయిస్ట్ పగలంతా ఎక్కడ ఉంటుందో కూడా అడగండి. కారిడార్‌లోనే. 1800 మి.మీ. గీసిన కారిడార్ వాడకంలో 1100 అవుతుంది, రెండు వీల్‌చెయిర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాలి. బడ్జెట్ తగ్గించమంటే అందరూ ముందు కొట్టేసేది స్టోర్‌రూమే. ఒక్కో పిల్లవాడితో వీల్‌చెయిర్, స్టాండింగ్ ఫ్రేమ్, స్నానం కుర్చీ, ఫీడింగ్ పంపు వస్తాయి. ఆరుగురి సామాను లెక్కేసి చూడండి.

పైపుల_సుబ్బు:
ట్రాకుల గొడవ మీరు తేల్చుకోండి. నా భయం ఆరు బాత్రూముల గురించి.

షార్ట్ స్టేలో గదులు వారం మధ్యలో ఖాళీగా పడి ఉంటాయి. వాడని షవర్ పైపులో నీళ్లు నిలిచి, 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చగా ఉంటే ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లెజియొనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. శ్వాస గొట్టం ఉన్న పిల్లలకు ఆ తుంపర ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీల వద్ద ఉండాలి, కుళాయి దాకా 50కి తగ్గకుండా రావాలి, చన్నీళ్లు 20 దాటకూడదు. ఒళ్లు కాలకుండా, వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ పెడతాం: షవర్‌కీ బేసిన్‌కీ 41, సిబ్బంది సాయంతో చేయించే టబ్ స్నానానికి 44 మించకుండా. ఆ వాల్వ్ తర్వాత ఉన్న పైపంతా క్రిమికి అనువైన వేడిలోనే ఉంటుంది. కాబట్టి వాల్వ్ కుళాయికి ఎంత దగ్గరుంటే అంత మంచిది, 2 మీటర్లు దాటనివ్వకండి. ఖాళీ గదిలో ప్రతి కుళాయినీ కనీసం వారానికోసారి వదిలి రిజిస్టర్‌లో రాయాలి. ఆరు గదులంటే ఆరు షవర్లు, ఆరు బేసిన్లు, ఆరు ఫ్లష్‌లు. ఎవరు వదులుతారు? రెండు గదులకొకటి చేస్తే పని సగం.

నిశ్శబ్దం:
రెండు గదుల మధ్య ఒకే బాత్రూమ్ అన్నవాళ్లు శబ్దం సంగతి చూశారా?

ఈ లెక్క చూడండి. 10 చ.మీ. గోడ 50 డెసిబెల్‌లు ఆపుతుంది. అందులో 2 చ.మీ. తలుపు పెట్టారు, అది ఆపేది 30. మొత్తం కలిపి ఆపేది 37 కూడా ఉండదు. ఇక ట్రాక్ దూరడానికి తలుపు పైభాగం కోసి కంత పెడితే ఆ 30 కూడా మిగలదు. ఒక గదిలో పిల్లవాడు రాత్రి రెండింటికి కేకేస్తే ఆ కేక బాత్రూమ్‌లోకి, అక్కడి నుంచి రెండో కంత గుండా పక్క పడక మీదికి వెళ్తుంది. ఇద్దరూ లేస్తారు. ఎవరి బాత్రూమ్ వాళ్లకే ఉంటే కంత వల్ల నష్టం లేదు, అటూఇటూ ఉండేది ఒకే పిల్లవాడు.

చదువరి:
మధ్య బాత్రూమ్‌కి రెండు గడియలు. లోపలి నుంచి అవతలి తలుపు వేసి, తీయడం మర్చిపోతారు. పక్క గది వాళ్లు తెల్లారేదాకా తలుపు కొడుతూనే ఉంటారు.

పైపుల_సుబ్బు:
శబ్దానికి ఎవరూ చావరు. క్రిమికి చస్తారు.

రాత్రిడ్యూటీ_విమల:
సుబ్బు గారూ, నిద్రలేమి వల్ల ఫిట్స్ వచ్చే పిల్లలుంటారు. అంత తేలిగ్గా అనకండి. మీ పైపులు మీరే సరిచేయొచ్చు కదా. గదుల పైపులన్నీ ఒక్కో కుళాయి దగ్గరికీ వెళ్లి తిరిగొచ్చేలా గొలుసుగా వేసి, చిట్టచివర రోజూ వాడే లాండ్రీ సింకు పెడితే నీళ్లు వాటంతటవే కదులుతుంటాయి.

పైపుల_సుబ్బు:
వేస్తే కదులుతాయి, ఒప్పుకుంటాను. కానీ వాల్వ్ తర్వాతి ముక్కలో, షవర్ గొట్టంలో కదలవు. అక్కడ చేత్తో వదలాల్సిందే. లేదంటే టైమర్‌తో తనంతట తనే వదిలే షవర్ పెట్టాలి. పెట్టినా రిజిస్టర్ తప్పదు. చన్నీళ్లు ఆగినప్పుడు వేడినీళ్లు కూడా ఆగిపోతున్నాయా అన్న పరీక్ష ప్రతి వాల్వ్‌కీ విడిగా చేయాలి. ఆరు వాల్వులంటే ఆరు పరీక్షలు.

నక్షా_మాస్టారు:
అసలు విషయం పక్కకు పోతోంది. విమల గారి లెక్కలో అన్ని గదులూ ఒకటే. నాకు అందులోనే అభ్యంతరం. కుదురులేని పిల్లలున్న గదిలో ట్రాక్ అలంకారంగా ఊరుకోదు. వేలాడే పట్టీ, హ్యాండ్‌సెట్ తీగ, మోటారు కొక్కెం అన్నీ చేతికందేవే. మంచం ఎక్కి వేలాడతారు. మెడకు చుట్టుకునే ప్రమాదం వేరే. ఆ గదికి కావాల్సింది జిప్సం బోర్డు వెనక 12 మి.మీ. ప్లైవుడ్, లామినేటెడ్ గాజు, అద్దాల మధ్య ఇమిడిన బ్లైండ్స్, వేళ్లు నలగని తలుపు అంచు. ఆ డబ్బు పట్టాల మీద పోస్తున్నారు.

రాత్రిడ్యూటీ_విమల:
మోటారు విప్పి అల్మరాలో పెట్టి తాళం వేసుకునే రకాలున్నాయి. అడ్డ పట్టాను అల్మరా పైన గాడిలోకి తోసి లాక్ చేస్తే పైన మిగిలేవి సీలింగ్‌తో సమంగా కలిసిపోయే రెండు తెల్ల గీతలే. వేలాడడానికి ఏమీ ఉండదు. ఇవన్నీ మీకు తెలియనివి కావు. తెలిసీ ఎందుకు వాదిస్తున్నారో నాకర్థం కావడం లేదు.

ఇద్దరు_పిల్లలమ్మ:
ఇంతసేపు చదివాను. ఒక్కరైనా బుకింగ్ గురించి మాట్లాడతారేమోనని చూశాను.

ఆరు గదుల్లో రెండింటికే ట్రాక్ ఉంటే ట్రాక్ కావాల్సిన కుటుంబాలన్నీ ఆ రెండు గదుల కోసం కొట్టుకోవాలి. నడవగలిగే పిల్లలకు ఆరూ పనికొస్తాయి. వాళ్లలో ఒకరు ట్రాక్ గదిలో పడితే మాకు మిగిలేది ఒకటే. వారాంతాలకూ సెలవులకూ అందరూ ఒకేసారి అడుగుతారు. "హాయిస్ట్ గది ఖాళీ లేదండీ" అన్న మాట వినీ వినీ ఫోన్ చేయడమే మానేసినవాళ్లు ఎంతమందో. అందరికంటే ఎక్కువ బరువు మోస్తున్నవాళ్లకే అందరికంటే తక్కువ రాత్రులు. మీరు ఇంటి వాతావరణం అంటున్నారు మాస్టారూ. అది ఎవరింటి వాతావరణం? మా ఇంట్లో సీలింగ్‌కి ట్రాకే ఉంది.

వానపిట్ట:
అమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు.

నక్షా_మాస్టారు:
అమ్మా, ఆ మాట కాదనలేను. కానీ నా భయం కూడా వినండి, ఇంతవరకూ సూటిగా అనలేదు. ఆరు గదులూ ఎవరికైనా సరిపోయేలా కట్టామంటే ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఎవరినైనా ఎవరి పక్కనైనా పెడతారు. శ్వాస యంత్రం మీద ఉన్న పిల్లవాడి గది పక్కన, చేతికందింది విసిరే పిల్లవాడు. ఇద్దరివీ న్యాయమైన అవసరాలే, ఒకే రాత్రి ఒకే కారిడార్‌లో ఇమడవు. గదులు వేరువేరుగా ఉంటేనే ఈ వారం ఒక గుంపు, వచ్చే వారం మరో గుంపు అని వేరుచేయక తప్పదు.

రాత్రిడ్యూటీ_విమల:
ఇప్పటికి బయటపెట్టారు. అంటే బుకింగ్ నియమం రాయాల్సిన వాళ్లు రాయరని మీరు గోడలతో రాస్తున్నారు. పడకలు నింపమని పైనుంచి ఒత్తిడి వస్తే మీ గోడలున్నా నింపుతారు. అప్పుడు ట్రాక్ లేని గదిలో కదల్లేని పిల్లవాడుంటాడు, మా చేతిలో చక్రాల హాయిస్ట్ ఉంటుంది.

నిశ్శబ్దం:
రెండు రెక్కలుగా కట్టకూడదా? మూడు గదులు ఇటు, మూడు అటు. మధ్య తలుపులు మూస్తే రెండు ఇళ్లు. రెక్కకొక కూర్చునే గది, విడిగా బయటి స్థలం. ఆ తలుపులు నిప్పునూ పొగనూ ఆపే రకమైతే ఒక రెక్కలో మంటొస్తే పిల్లల్ని మంచాలతో సహా రెండో రెక్కలోకి తోసేయొచ్చు, రాత్రిపూట ఆరుగురినీ ఆరుబయటికి తేనక్కర్లేదు. తలుపులు మాత్రం మంచం పట్టేంత ఉండాలి, ఒక పెద్ద పలక, ఒక చిన్న పలక ఉన్న తలుపైతే 1200 మి.మీ. తెరుచుకుంటుంది. మామూలుగా అయస్కాంతంతో తెరిచి ఉంచి, అలారం మోగితే వదిలేసేవి పెట్టండి. లేకపోతే సిబ్బంది చీలలు పెట్టి ఆపేస్తారు.

ఇద్దరు_పిల్లలమ్మ:
రెండు రెక్కలంటే రాత్రి రెక్కకొకరే కదా?

రాత్రిడ్యూటీ_విమల:
అదే నేను అడగబోయింది. రెక్కకొకరే. ఒక పిల్లవాణ్ని లేపడానికి ఇద్దరు కావాలంటే రెండో రెక్క ఖాళీ అవుతుంది. సీలింగ్ ట్రాక్ ఉంటే, ఆ పిల్లవాడిని విడిగా అంచనా వేసి సరే అనుకుంటే, చాలామందిని ఒక్కరే దించగలరు, ఎక్కించగలరు. అందరినీ కాదు. మెడ నిలవని పిల్లలకు, ఒక్కసారిగా బిగుసుకుపోయేవాళ్లకు ఇద్దరం ఉండాల్సిందే. మిగతావాళ్లకు ట్రాక్ ఉంటేనే మీ రెండు రెక్కలు నిలబడతాయి. ట్రాక్ లేకుండా రెక్కలు గీస్తే మూడో మనిషి జీతం కూడా గీయండి.

నక్షా_మాస్టారు:
రెండు రెక్కలైతే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం: ఒక రెక్కలో మూడింటికీ ట్రాక్, రెండో రెక్కలో ఒకదానికి. ఆ రెక్కలో మిగిలిన రెండూ గట్టి గోడల గదులు. నాలుగుకు మించి ఒప్పుకోను.

ఇద్దరు_పిల్లలమ్మ:
కదల్లేని పిల్లలకు కోపం రాదనుకుంటున్నారా మాస్టారూ? ట్రాకూ గట్టి గోడా రెండూ కావాల్సిన పిల్లవాడు నా ఇంట్లోనే ఉన్నాడు.

కొత్తపునాది:
కమిటీకి ఇలా రాస్తున్నాను: రెండు రెక్కలు, గదికో బాత్రూమ్, ఆరింటికీ పట్టాలు, నాలుగింటికి ఇప్పుడే మోటార్లు. మాస్టారూ, పడకగది నుంచి బాత్రూమ్‌లోకి అడ్డ పట్టా ఎలా వెళ్తుంది? గోడ అడ్డం కదా.

నక్షా_మాస్టారు:
అడ్డ పట్టా వెళ్లదు. బాత్రూమ్‌లోకి ఒక సూటి ట్రాక్ వేసి, అడ్డ పట్టా దానికి ఎదురుగా వచ్చినప్పుడు లాక్ పడే గేటు పెడతారు. మోటారు ఒకదాని మీంచి మరోదాని మీదికి దాటుతుంది. దానికి తలుపు మీద లింటెల్ ఉండకూడదు, తలుపు సీలింగ్ దాకా పోవాలి. గేటు దగ్గర రెండు పట్టాలూ ఒకే మట్టంలో ఉండాలి, తేడా వస్తే మోటారు అక్కడే తట్టుకుంటుంది. కాబట్టి రెండు గదుల సీలింగ్ ఎత్తూ ఒకటే పెట్టండి, బాత్రూమ్‌లో ఫాల్స్ సీలింగ్ దించొద్దు. రెండు చోట్లా 2.4 మీటర్లకు తగ్గితే నన్ను అడగొద్దు.

పైపుల_సుబ్బు:
బాత్రూమ్ సీలింగ్ దించకపోతే పైన నా పైపులు ఎక్కడ పెట్టమంటారు?

నక్షా_మాస్టారు:
కారిడార్ సీలింగ్‌లో. గదుల్లోకి గోడలోంచి రండి. మిక్సింగ్ వాల్వ్‌కి కారిడార్ వైపు తలుపు పెడతాను, పిల్లలు నిద్రపోతుంటే కూడా మీ పరీక్ష చేసుకోవచ్చు.

రాత్రిడ్యూటీ_విమల:
స్నానం బల్ల గురించి ఎవరూ అనలేదు. గోడకి మడిచే 1800 మి.మీ. బల్ల, ఎత్తు మారేది. దాని నీళ్లు పడే గొట్టం కాళ్ల వైపు ఉంటుంది, నేల జాలీ సరిగ్గా దాని కింద పెట్టండి. తలుపు పక్కన పెట్టారంటే స్నానమైన ప్రతిసారీ వీల్‌చెయిర్ చక్రాలతో తడి పడకగదిలోకి వస్తుంది.