ఎంబీఏకి కెలాగ్‌లో 2 ఏళ్లా, ఇన్సియాడ్‌లో 10 నెలలా?

ప్రశ్న: ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, కన్సల్టింగ్‌కి మారాలని ఉంది. ఎంబీఏకి రెండు బిజినెస్ స్కూళ్లలో సీటు వచ్చింది: అమెరికాలోని కెలాగ్, ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్. ఇన్సియాడ్ అయితే త్వరగా అయిపోతుంది. కెలాగ్ వాళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చారు. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ గడువు దగ్గరపడింది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: రంగం మారేవాళ్లకి వేసవి ఇంటర్న్‌షిప్ చాలా ముఖ్యమండీ. కెలాగ్‌లో మొదటి ఏడాది తర్వాత అది ఉంటుంది. ఇన్సియాడ్‌లో జనవరి బ్యాచ్‌కే ఆ వీలుంది. మీది ఏ బ్యాచ్?

ప్రశ్న అడిగినవారు: ఆగస్టు.

మరో జవాబు: అయితే కెలాగే. నేను ఇంటర్న్‌షిప్ లేని కోర్సులో చేరాను. చేరిన కొద్ది వారాలకే ఇంటర్వ్యూల హడావిడి, ఏ పాఠం మీదా మనసు నిలవలేదు. ఆ బాధ మీకు వద్దు. స్కాలర్‌షిప్ రెండో ఏడాదికీ వర్తిస్తుందా అని ఇవాళే మెయిల్ రాసి అడగండి.