మనిషి స్వభావమే కమ్యూనిజానికి అడ్డంకి అవుతుందా?

ప్రశ్న:
శక్తికొద్దీ పని చేయడం, అవసరం కొద్దీ పొందడం అన్న సూత్రం కమ్యూనిస్టు సమాజపు ఉన్నత దశకే వర్తిస్తుందనీ, తొలి దశలో చేసిన పనిని బట్టే పంపకం జరుగుతుందనీ మార్క్స్ 1875లో జర్మన్ సోషలిస్టుల పార్టీ ముసాయిదా అయిన గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ స్పష్టం చేశాడు. అయినా నా సందేహం తీరలేదు. పని చేసినా మానినా అవసరాలు తీరతాయని తెలిశాక ఒళ్లు వంచేవారు ఎందరుంటారు? మనిషి స్వార్థపరుడే అయితే ఆ దశ ఎన్నటికైనా వస్తుందా?

మొదటి సమాధానం:
రాదనే నా అభిప్రాయం. చైనాలోని అన్‌హుయి ప్రావిన్సులో, షియావోగాంగ్ గ్రామానికి చెందిన 18 మంది రైతులు 1978లో సమష్టి భూమిని కుటుంబాలవారీగా పంచుకోవాలని రహస్యంగా ఒప్పందం రాసుకున్నారు. మరుసటి ఏడాది దిగుబడి ఎంతగానో పెరిగింది. నేల మారలేదు, మనుషులూ మారలేదు. మిగులు తమదేనన్న భరోసా ఒక్కటే కొత్తగా వచ్చింది.

రెండవ సమాధానం:
మీరు చెప్పిన ఒప్పందంలోనే మరో షరతు ఉంది. తమలో ఎవరైనా జైలు పాలైతే వారి పిల్లలను 18 ఏళ్లు వచ్చేవరకు తక్కినవారు పెంచాలని ఆ రైతులు మాట ఇచ్చుకున్నారు. స్వార్థమే మనిషి మొత్తం స్వభావమైతే, అంత ప్రమాదకరమైన కాగితం మీద అటువంటి వాక్యం ఎందుకు చేరింది? వారు విసిగిపోయింది పంచుకోవడంతో కాదు; ఏ పంట వేయాలో, ఎంత అప్పగించాలో పైనుంచి వచ్చే ఆదేశాలతో.

హట్టరైట్లు అనే క్రైస్తవ వర్గం వారు 1528లో ఉమ్మడి ఆస్తి పద్ధతిని చేపట్టి, మధ్యలో కొంతకాలం వదులుకున్నా, నేటికీ ఉత్తర అమెరికాలో దాన్నే పాటిస్తున్నారు. అయితే ఒక్కో కాలనీలో జనాభా సుమారు 150కి చేరేసరికి దాన్ని రెండుగా విడదీస్తారు. ఒకరినొకరు ఎరిగిన చోట సోమరితనానికి సిగ్గే శిక్ష; కోట్ల మంది ఉన్న దేశంలో ఆ సిగ్గు పనిచేయదు కాబట్టి తనిఖీదారులు అవసరమవుతారు. నా దృష్టిలో అసలు చిక్కు స్వార్థం కంటే పరిమాణంలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
పరిమాణంతోనే అంతా తేలుతుందనుకోను. పాలస్తీనాలో 1910లో ఏర్పడిన తొలి కిబ్బుత్జ్ (యూదుల ఉమ్మడి ఆస్తి గ్రామం) డెగానియా చిన్నదే, స్వచ్ఛందంగా చేరినవారితో మొదలైనదే. అక్కడ కూడా 2007లో సభ్యులు సమాన పంపకాన్ని వదిలి, వేతనాల్లో తేడాలకు ఓటు వేశారు. ఆదర్శాన్ని ఎంచుకున్న తరానికీ, అందులో పుట్టిన తరానికీ మధ్య ఉన్న తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?

మూడవ సమాధానం:
తీసుకోవాలి. హట్టరైట్లకు ఆ తరాల వంతెన మతం. మార్క్సిస్టులు దాన్ని వాడుకోలేరు. అయితే మనుషులందరూ రేపటికల్లా నిస్వార్థపరులైపోయారనే అనుకుందాం. అప్పుడు కూడా ఉక్కును రైలు పట్టాలకు వాడాలా, నాగళ్లకు వాడాలా అన్నది ఎవరో తేల్చాలి. ఉత్పత్తి సాధనాలకు మార్కెట్ ధరలు లేకపోతే ఈ లెక్క కుదరదని ఆస్ట్రియా ఆర్థికవేత్త మీసెస్ 1920లోనే వాదించాడు. దేవతలకైనా తప్పని చిక్కు ఇది. పైగా ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఒకచోట పోగుపడ్డాక, దాన్ని తిరిగి వదులుకునేలా చేసే ఏర్పాటేదీ సోవియట్ వ్యవస్థలో కనిపించలేదు. అందువల్ల నేనైతే రైతు సోమరితనం గురించి కాక, ప్రణాళికా కార్యాలయంలో కూర్చున్న వ్యక్తిని ఎవరు, ఎలా దించగలరన్న ప్రశ్నతో మొదలుపెడతాను.