ఈ వారం సమస్య (పద్యం చివరి పాదం ఇదే, పై మూడు పాదాలూ మీరు పూరించాలి): మైకు మూగదైన మాట పలికె

నిర్వాహకుడు: శనివారం విశాఖ ద్వారకానగర్ అవధాన సభకి వచ్చినవాళ్లకి ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెప్పక్కర్లేదు. రానివాళ్ల కోసం చెబుతున్నా. అవధానిగారు (అడిగిన పద్యం అక్కడికక్కడే చెప్పే కవి) నిషిద్ధాక్షరిలో, అంటే అడుగడుగునా వద్దన్న అక్షరం మానేసి చెప్పే పద్యంలో, రెండో పాదం మధ్యలో ఉండగా కరెంటు పోయింది, దాంతోపాటే మైకూ పోయింది. ఏ అక్షరం వద్దన్నారో ఆయనకి వినబడకపోతే పద్యం ముందుకి కదలదు కదా, అందుకని ఆ అక్షరాలు వద్దనే పృచ్ఛకులు కుర్చీ ఆయన పక్కకి జరుపుకుని ఒక్కో అక్షరం గట్టిగా పలికారు, హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. చివర్లో ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పడం, మొత్తం ఫోన్ల టార్చి వెలుగులోనే. తర్వాత ఓపెన్ మైక్ కూడా మైకు లేకుండానే నడిచింది. ఇక ఎవరి పేట పేరుతో వాళ్లు కానివ్వండి.

సీతమ్మధార:
దీపమారినపుడు తెరముందు నిలబడి
గొంతు విప్పి యతిథి కొసరి పాడ
వెనక వరుసకైన వినిపించె సాంతము
మైకు మూగదైన మాట పలికె

భీమిలి: మాస్టారూ, మూడో పాదం చాలా బాగుంది, నేను ఆ వెనక వరుసలోనే కూర్చున్నాను. కానీ ‘కొసరి’ ఏమిటండీ? కొసరింది సభ, పాడింది అతిథి. గొంతుకి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) కావాలని తెచ్చిన మాటని తెలిసిపోతోంది. పైగా ఇది జరిగింది జరిగినట్టు చెప్పడమే, పూరణలో మలుపు లేదు. నేను మైక్రోఫోన్ జోలికే పోలేదు, మై అంటే ఒళ్లు:

తోలుబొమ్మ తెరను దోబూచులాడగ
వెనుక దాగి యొకడు వేళ్ళు గదుప
రామకథను జెప్పె రసికులు మెచ్చగ
మైకు మూగదైన మాట పలికె

గాజువాక: అదిరింది! ఒంటికి నోరు లేదు, అయినా కథ చెప్పింది. తోలుబొమ్మని ఇక్కడికి తేవాలని నాకు జన్మలో తట్టదు.

సీతమ్మధార: ఊహ బాగుందయ్యా, కాదనను. విభక్తే కుదరలేదు. చెన్నైకి వెళ్తాం, ముంబైకి వెళ్తాం, చెన్నైకు ఎవరూ వెళ్లరు. ఐకారం మీద ‘కి’ రావాలి. మైకి అంటే సమస్య పాదం మారిపోతుంది, మైకు అంటే నీ అర్థం రాదు. ఒక్క అక్షరమే, కానీ పూరణంతా దానిమీదే నిలబడింది. నీ కురుసుర సబ్‌మెరైన్ పూరణలోనూ ఇదే తొందర.

భీమిలి: ‘కడలి లేక నావ కదలసాగె’ అన్న పాదానికి సబ్‌మెరైన్‌ని బీచ్ ఒడ్డుకి లాక్కొచ్చిన సంగతి వాడింది ఇక్కడ నేనొక్కణ్ణే. అది మాత్రం గుర్తుండదు మీకు.

సీతమ్మధార: గుర్తుంది, అందుకే బాధ. 2002లో మ్యూజియం అయిన దాన్ని ఆ పాదంలోకి ఎక్కించడం మామూలు ఊహ కాదు. ‘ఇసుక మీదకీడ్చి రందరు కురుసుర’ అని రాశావు. ఇ-కీ అం-కీ యతి ఎక్కడిది? ‘ఈడ్చి రెల్లరు’ అంటే చాలు, గణం (లఘుగురువుల లెక్క) చెడదు, యతి కుదురుతుంది. నెల రోజులుగా చెబుతున్నా, నువ్వు మార్చవు.

గాజువాక: రెల్లరు నిజంగా బాగుంది భీమిలిగారూ. మార్చెయ్యండి.

నిర్వాహకుడు: కురుసుర చర్చ ఆ సమస్య కిందే పెట్టుకోండి. ఇక్కడ పెదవాల్తేరు మేడమ్ పూరణ వచ్చింది, పద్యం రాయడం ఆవిడకిదే మొదలు.

పెదవాల్తేరు: శనివారం నేను వచన కవిత చదివాను. హుద్‌హుద్ తుఫాను నాటి మా వీధి గుర్తొచ్చి ఇది రాశాను, తప్పులుంటే చెప్పండి.

గాలివాన నాడు కంబాలు కూలగ
ఫోనులన్ని చావ బొరుగువారు
గోడ మీదనుండి కుశలంబు లడిగిరి
మైకు మూగదైన మాట పలికె

భీమిలి: భావం బాగుందండీ, కానీ ఇందులో మైకు ఏది?

గాజువాక: ఫోనుకి మైకు లేదా ఏమిటి? 2014 అక్టోబరు 12 తర్వాత ఇక్కడ ఎవరి ఫోను పలికింది చెప్పండి. మా మేనత్త బతికే ఉందని పాలవాడు వచ్చి చెప్పాడు మాకు.

సీతమ్మధార: అమ్మా, ఫో-బొ, గో-కు యతులు రెండూ చక్కగా పడ్డాయి. ‘చావ’ మొరటుగా ఉందని ఎవరైనా అన్నా మార్చకు, అప్పుడు అలాగే ఉండేది. నా పూరణ కంటే, భీమిలి పూరణ కంటే ఇదే ముందు.

భీమిలి: ఫోను మైకు సరే, ఒప్పుకుంటున్నా. పిట్టగోడ మీంచి మాట్లాడుకోవడం మా వీధిలోనూ జరిగింది.

నిర్వాహకుడు: మేడమ్, వచ్చే సభలో ఓపెన్ మైక్ దీనితోనే మొదలుపెడదాం. రాగం తీయక్కర్లేదు, మామూలుగా చదవండి చాలు.