కొత్తిమీర కట్టకి కూడా కారు తియ్యాలా?

అనంతపురం అమ్మాయి:
బెంగళూరులో ఆరేళ్లు మల్లేశ్వరంలో అద్దెకున్నాం. పోయిన ఏడాది సర్జాపూర్ రోడ్డు వైపు ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాం. అమ్మ మా దగ్గరే ఉంటుంది. అక్కడ సంచీ పట్టుకుని ఒక్కతే ఎనిమిదో క్రాస్ అనే అడ్డవీధికి నడిచి వెళ్లేది. కన్నడ రాకపోయినా పూలామెతో అరగంట కబుర్లు చెప్పి వచ్చేది. ఇక్కడ కూరల కొట్టు మా బాల్కనీలోంచి కనిపిస్తుంది, కానీ గేటు అటువైపు లేదు. గోడ చుట్టూ తిరిగి, ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ల పక్కన నడవాలి. అమ్మని పంపాలంటే నాకు టెన్షన్. మొన్న "నన్ను ఊళ్లో దింపెయ్యవే" అంది. ఒకే నగరంలో ఇంత తేడా ఎందుకండీ?

ప్లానింగ్‌లో పనిచేసేవాణ్ణి:
మల్లేశ్వరంలో ముందు వీధులు గీశారు, తర్వాత ఇళ్లు వచ్చాయి. 1898 ప్లేగు తర్వాత జనం పాత పేట వదిలి అక్కడికి చేరారు. అడుగడుగునా క్రాసులు, ఇళ్ల వెనక సందులు. మీ వైపు పల్లె దారులు అలాగే ఉండిపోయాయి. ఒక్కో బిల్డర్ పొలాలు కొని చుట్టూ గోడ కట్టాడు. రెండు గోడల మధ్య క్రాసు వెయ్యాలని ఎవరూ పట్టుబట్టలేదు. అమెరికాలో కొట్లు దూరమవడానికి జోనింగే పెద్ద కారణం, అంటే ఇళ్లు ఒకచోట, కొట్లు ఇంకోచోట ఉండాలని చెప్పే నిబంధనలు. 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో అక్కడి సుప్రీంకోర్టు జోనింగ్‌ని సమర్థించింది. ఇళ్ల మధ్య కొట్టు పెట్టనివ్వని పేటలు అక్కడ కోకొల్లలు. జపాన్‌లో అయితే బాగా ప్రశాంతమైన నివాస జోన్‌లో కూడా ఇంటికి ఆనుకుని చిన్న కొట్టు పెట్టుకోవచ్చు. బెంగళూరులోనూ రోడ్డు వెడల్పును బట్టి ఇళ్ల మధ్య చిన్న దుకాణాలకు అనుమతి ఉంది. మీకు కొట్టు ఉంది కదా, లేనిది దారే.

వర్తూరు వాసి:
నిజం చెప్తాను. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు నేను అడిగింది రెండు పార్కింగులు, ఒకే గేటు, బయటివాళ్లు లోపలికి రాకూడదని. కొట్టుకి ఎన్ని అడుగులని అడగలేదు. అందరం అవే అడిగితే బిల్డర్ అవే కడతాడు. మా దగ్గర రెండేళ్లు పోట్లాడి వెనక గోడకి చిన్న గేటు పెట్టించాం, ఉదయం ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరుస్తారు. ఇప్పుడు పిల్లలు బస్సుకి కూడా అటే నడిచి వెళ్తున్నారు.

అనంతపురం అమ్మాయి:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఇందాకే కిందికెళ్లి చూశాను. వెనక గోడకి ఇనుప తలుపు ఉంది, చెత్త బండి కోసం పెట్టారట, తాళం వేసి ఉంది. ఆదివారం మీటింగ్‌లో అడుగుతాను. వర్తూరు వాసి గారూ, ఆ గేటు దగ్గర వాచ్‌మన్ జీతం మెయింటెనెన్స్‌లోంచే ఇస్తున్నారా, విడిగా వసూలు చేస్తున్నారా? మా వాళ్లు ముందు అదే అడుగుతారు.