నెలతక్కువ బిడ్డకు ప్రొబయోటిక్ సాచెట్ వేయించాలా, వద్దా?

సూర్యారావుపేట బాబాయ్:
మా అన్నయ్య కూతురికి 30వ వారంలోనే కాన్పయింది. బిడ్డ 1,250 గ్రాములు, ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంది. ఇన్ఫెక్షన్ రాకుండా ప్రొబయోటిక్ సాచెట్ (మేలు చేసే బ్యాక్టీరియా పొడి) తెమ్మన్నారు. షాపులో నాలుగు రకాలు చూపిస్తున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరైనా వేయించారా?

కొత్తపేట సిస్టర్:
వేయించండి. ఒడిశాలో 4,500 మందికి పైగా పసిపిల్లలతో ట్రయల్ చేశారు, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి.

పటమట నాన్న:
ఆ పిల్లలు 35 వారాలు నిండినవాళ్లు, 2 కిలోలకు తగ్గనివాళ్లు. 30 వారాల బిడ్డకు ఆ లెక్క ఎలా చెబుతారు? ఇంగ్లండ్‌లో నెలతక్కువ పిల్లలు 1,300 మందితో ట్రయల్ చేస్తే సెప్సిస్ తగ్గలేదు. 2016 లాన్సెట్ మెడికల్ పత్రిక చూడండి.

కొత్తపేట సిస్టర్:
అక్కడ ఇచ్చింది ఒకే రకం బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో మూడు రకాలు కలిపి ఇస్తే, పేగులు కుళ్లే ఎన్‌ఈసీ 4.4 నుంచి 2 శాతానికి తగ్గింది. తల్లిపాలు తాగే 32 వారాల లోపు పిల్లలకు ఇచ్చే విషయం ఆలోచించవచ్చని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పింది.

గుంటూరు అబ్బాయి:
మా బాబుకి వేశాం. బాగానే ఉన్నాడు.

పటమట నాన్న:
ఆ ఆస్ట్రేలియా ట్రయల్‌లో కూడా సెప్సిస్ తగ్గిందని తేలలేదు. బాబాయ్ గారు అడిగింది ఇన్ఫెక్షన్ గురించి. 2023లో అమెరికాలో కిలో కూడా లేని బిడ్డకు ఇస్తే, ఆ బ్యాక్టీరియాతోనే సెప్సిస్ వచ్చి చనిపోయింది. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆస్పత్రులను హెచ్చరించింది.

మెడికల్ షాప్ తమ్ముడు:
షాపుల్లో దొరికే సాచెట్లలో చాలావాటికి ఉన్నది ఫుడ్ లైసెన్సే, మందు లైసెన్స్ కాదు అన్నా. చీటీలో రాసిన పేరు తప్ప వేరేది తీసుకోకండి.

కొత్తపేట సిస్టర్:
ఒక్క కేసు పట్టుకుని ఎంతమందిని భయపెడతారు? పొట్ట ఉబ్బి, పచ్చగా కక్కుకుని, తెల్లారేసరికి పోయిన పిల్లల్ని ఈ చేతులతో తల్లులకు అప్పగించాను. మీరు చదివి మాట్లాడుతున్నారు.

పటమట నాన్న:
చదివి కాదు మేడమ్, పడి మాట్లాడుతున్నాను. మా పాప 29 వారాలకే పుట్టింది. ఏం వేస్తున్నారో ఎవరూ చెప్పలేదు, బిల్లు చూశాక తెలిసింది. మా ఆవిడ పాలు పిండి తెస్తే పెట్టడానికి చోటు లేదని డబ్బా పాలు పట్టారు. గుండెల మీద పడుకోబెట్టుకుంటానంటే గేటు దగ్గరే ఆపేశారు. సాచెట్ వేశారు, సెప్సిస్ వచ్చింది. పాపకు ఇప్పటికీ ఒక చెవి వినపడదు. తల్లిని బయట నిలబెట్టి సాచెట్ చేతిలో పెట్టడం ఏం వైద్యం?

కొత్తపేట సిస్టర్:
తల్లులు లోపలికొస్తే ఇన్ఫెక్షన్ తెస్తారని మాకు మొదటి నుంచీ నేర్పారు. రాత్రి డ్యూటీలో ఇద్దరం, తొట్టెలన్నీ నిండి ఉంటాయి. ఒక్కో తల్లికి చేతులు కడిగించి, గౌను వేయించి, పక్కన నిలబడేదెవరు?

పటమట నాన్న:
మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని పుట్టగానే తల్లి గుండెకు ఆనిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ ట్రయల్ 2021లో వచ్చింది. తల్లుల్ని లోపలే ఉంచి చేశారు. మనుషులు చాలకపోతే మేనేజ్‌మెంట్‌ని అడగాలి, తల్లిని ఆపకూడదు.

సూర్యారావుపేట బాబాయ్:
మా పిల్లకు పాలు వస్తున్నాయి, లోపలికి మాత్రం పంపడం లేదు. రేపు డాక్టర్ గారిని ఏమని అడగాలి?

కొత్తపేట సిస్టర్:
ముందు పిండిన పాలే పట్టమనండి. బిడ్డ నిలకడగా ఉంటే గుండెకు ఆనించుకునే కంగారూ కేర్‌కి తల్లిని పిలవమనండి. సాచెట్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో, ఎందుకు ఇస్తున్నారో చెప్పమనండి. అంతేగానీ సాచెట్ మానేయమని మాత్రం నేను చెప్పను.

పటమట నాన్న:
వాళ్లు చెప్పింది మీకు అర్థమయ్యాకే సంతకం పెట్టండి బాబాయ్ గారూ.